ఏటియొడ్డు పరిశోధకులు

పరిశోధన యనగానే మనకు తోచునవి గ్రంథాలయము, తాళపత్రప్రతి, ప్రయోగశాల, విశ్వవిద్యాలయము. పరిశోధకుడు చదువుకొన్నవాడు, పరిశోధింపబడువాడు చదువు చాలనివాడు. ఒకడు ప్రశ్న వేయును. మరియొకడు సమాధానము చెప్పును. ఒకని పేరు గ్రంథము అట్టమీద అచ్చగును. మరియొకడు అనుబంధములోని పట్టికలో ఒక అంకెగా మిగులును. పేదలను గురించి, ఆదివాసులను గురించి, జాలరులను గురించి వెలువడిన సాంఘిక పరిశోధనలలో అధికభాగము ఈ పద్ధతినే పుట్టినది. ఈ ఏర్పాటు మనకు ఎంత సహజముగా కనబడుచున్నదనగా, దీనిని మార్చవచ్చునను ఊహయే మనకు రాదు. థాయిలాండు దేశములో ఒక ఏటియొడ్డున నివసించు జాలరులు 2001వ సంవత్సరములో ఈ ఏర్పాటును తలక్రిందులు చేసిరి. వారి కథ మన ఉపాధ్యాయులును విద్యార్థులును తెలిసికొనదగినది. జ్ఞానము ఎవరి సొత్తు అను ప్రశ్న పాఠశాలకు తగిలినంత సూటిగా మరి దేనికిని తగులదు.

పేదవానిని ప్రశ్నించి అతడు చెప్పినది వ్రాసికొనుటలో తప్పేమి యని ఎవరైన అడుగవచ్చును. తప్పు వ్రాసికొనుటలో లేదు. వ్రాసికొన్నది ఎవరి చేతికి పోవునన్నదానిలో ఉన్నది. ఆగ్నేయాసియా చరిత్రయే దీనికి సాక్ష్యము. 1960 తరువాత ఉత్తర థాయిలాండు కొండలలో నివసించు హ్మోంగ్, కరెన్, లాహు మొదలగు జాతులను గురించి విదేశీయులును స్వదేశీయులును విశేషముగా పరిశోధనలు సాగించిరి. అది వియత్నాము యుద్ధము జరుగుచున్న కాలము. కొండజాతులవారు కమ్యూనిస్టులతో చేరుదురేమో యని బ్యాంకాకు ప్రభుత్వమునకును, దానికి అండగా నిలిచిన అమెరికాకును భయముండెను. 1970లో కొన్ని పత్రములు బయటపడినవి. గ్రామములను గురించి పండితులు సేకరించిన జ్ఞానము తిరుగుబాటుల నణచు ప్రయత్నములకు ఉపయోగపడుచున్నదనియు, కొందరు మానవశాస్త్రజ్ఞులు ఆ పనిలో సలహాదారులుగా ఉన్నారనియు వానివలన ఆరోపణ పుట్టెను. ఎరిక్ వోల్ఫ్, జోసెఫ్ జోర్గెన్‌సెన్ అను ఇద్దరు పండితులు ఆ యేడే దీనిని ఖండించుచు బహిరంగముగా వ్రాసిరి. అమెరికా మానవశాస్త్ర సంఘము మార్గరెట్ మీడ్ అధ్యక్షతను ఒక విచారణసంఘమును నియమించెను. ఆ విచారణసంఘపు నివేదికను 1971లో సభ్యులే త్రోసిపుచ్చిరి. ఆ సంవత్సరమే అంగీకరింపబడిన వృత్తిధర్మ సూత్రములలో, పరిశోధకుని ప్రథమ బాధ్యత తాను పరిశోధించు జనులయెడలనే యని స్పష్టముగా చెప్పబడెను.

ఆ సూత్రము మంచిదే. కాని వ్యాకరణ పరిభాషలో చెప్పవలెనన్న, దానిలోను పరిశోధకుడే కర్త, జనులు కర్మ. కర్త దయగలవాడైనాడు, వాక్యము మాత్రము మారలేదు. జనులకు ఏది మేలో, ఏది కీడో నిర్ణయించు భారము ఇంకను పండితుని చేతిలోనే మిగిలినది.

ఈ వాక్యమును సవరించుటకు ఆగ్నేయాసియాలోనే తొలి ప్రయత్నములు కొన్ని జరిగినవి. ఫిలిప్పైన్సు దేశములో విర్జీలియో ఎన్రీకెజ్ అను మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు 1970 ప్రాంతములయందు ఒక మౌలికమైన ప్రశ్న వేసెను. అమెరికాలో తయారైన ప్రశ్నపత్రమును తెచ్చి, ఆంగ్లములో, ఫిలిప్పైన్సు పల్లెటూరివానిని అడిగినచో అతడు చెప్పు సమాధానము దేనికి సమాధానము? తన మనస్సులోని మాటకా, ఎదుటివాని హోదాకా? ఎన్రీకెజ్, ఆయన సహచరులు తమ దేశభాషలోనే పరిశోధనకు పద్ధతుల నేర్పరచిరి. వానిలో ఒకటి ‘పగ్తతానోంగ్-తానోంగ్’. అనగా అక్కడక్కడ తిరుగుచు, ఒకరిని తరువాత ఒకరిని అడిగి తెలిసికొనుట. కొత్త ఊరికి పోయిన బాటసారి దారి యడుగునట్లుగా ఉండును ఆ పద్ధతి. అందులో అడుగబడినవాడును తిరిగి ప్రశ్నింపవచ్చును: నీ వెవరవు? ఎందుల కడుగుచున్నావు? నీకు పిల్ల లెందరు? ఈ ఎదురుప్రశ్నలకు జవాబు చెప్పనివాడు పరిశోధకుడు కాజాలడు. చెలిమి ఎంత లోతుగా ఉండునో, లభించు సత్యము అంత లోతుగా ఉండునని వారి సిద్ధాంతము. పరాయివానికి చెప్పు మాట వేరు, మనవానికి చెప్పు మాట వేరు. ఇది మన పల్లెలలో ప్రతి ముసలమ్మకును తెలిసిన సంగతియే. దానిని శాస్త్రములోనికి తెచ్చిన గౌరవము వారికి దక్కినది.

ఇంతవరకు సంభాషణ సమానమైనది. కాని పరిశోధనకు వచ్చిన మూలప్రశ్న ఎవరిది? దాని నేర్పరచినవాడు ఇప్పటికిని విశ్వవిద్యాలయమునుండి వచ్చినవాడే. మూలప్రశ్నయే జనులదైనప్పుడు ఏమగునో చూపినవారు థాయిలాండులోని మూన్ నదీతీర వాసులు.

థాయిలాండు ఈశాన్యభాగమునకు ఈసాన్ అని పేరు. మిట్టనేల, వానలు నమ్మరానివి. అక్కడి జనుల మాట బ్యాంకాకు థాయిభాషకంటె పొరుగున ఉన్న లావో భాషకు దగ్గర. రాజధానిలో కట్టడపు పనులకును, ఇంటిపనులకును, టాక్సీలు నడుపుటకును ఈసాన్ వారే వత్తురు. నాగరికులు వారి యాసను వెక్కిరించుట చాలకాలముగా ఉన్న అలవాటు. ఈ మిట్టనేలను తడుపుచు ప్రవహించి, ఉబోన్ రాచథాని మండలములో ఖోంగ్ చియమ్ వద్ద మూన్ నది మెకాంగ్ మహానదిలో కలియును. థాయిభాషలో నదిని ‘మే నామ్’ అందురు. ‘మే’ యనగా తల్లి, ‘నామ్’ అనగా నీరు. గోదావరిని తల్లి యని పిలుచు మనకు ఆ మాటకు వ్యాఖ్యానము అక్కరలేదు. తొలకరి వానలు పడగానే మెకాంగ్ నదినుండి చేపలు గుంపులు గుంపులుగా మూన్ నదిలోనికి ఎదురెక్కి, ఎగువ రాళ్లలోను వరదనేలలలోను గ్రుడ్లు పెట్టును. ఆ చేపలమీదనే తరతరములుగా తీరగ్రామములు బ్రదికినవి. వరి పండని యేట గూడ చేప నిచ్చి బియ్యము తెచ్చుకొనిరి.

ఆ సంగమమునకు సుమారు 5.5 కిలోమీటర్ల ఎగువన థాయిలాండు విద్యుదుత్పాదన సంస్థ ప్రపంచబ్యాంకు ఋణముతో ఒక ఆనకట్ట కట్టి 1994లో పూర్తిచేసెను. దానిపేరు పాక్ మూన్. ‘మూన్ నది నోరు’ అని అర్థము. ఆ నోటిని మూసిన గోడ ఎత్తు 17 మీటర్లు. విద్యుచ్ఛక్తి స్థాపనశక్తి 136 మెగావాట్లు. ఆనకట్ట ఎత్తు తక్కువ గనుక మునుగు ఇండ్లు తక్కువ, కావున నష్టము తక్కువ యని నిపుణులు లెక్కవేసిరి. ఇండ్లు లెక్కపెట్టిరి, చేపల దారి లెక్కపెట్టలేదు. పైగా జలాశయమువలన చేపలు వృద్ధియగుననియు, హెక్టారుకు ఏటా 100 కిలోలు, పిల్లలను తెచ్చి వదలినచో 220 కిలోలు లభించుననియు ముందస్తు అంచనాలో వ్రాసిరి. ప్రపంచబ్యాంకును, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘమును కలసి ఏర్పరచిన ప్రపంచ ఆనకట్టల సంఘము 2000లో ఈ కట్టడమును పరిశీలించి, హెక్టారుకు 10 కిలోలు అని అనుకొని యుండినచో సత్యమునకు దగ్గరగా ఉండెడిదని తేల్చినది. కట్టకు పూర్వము ఆ నదీమండలములో 265 జాతుల చేపలు నమోదై యుండగా, తరువాతి పరిశీలనలలో కట్టకు ఎగువను 96 మాత్రమే కనబడినవి. ఎగువను చేపల రాబడి నూటికి 60 నుండి 80 వంతులు పడిపోయినది. చేప లెక్కిపోవుటకని కట్టిన మెట్లదారి పనికిరాలేదు. 50కి పైగా సహజమైన రాతివాలులు నీట మునిగినవి. విద్యుత్తు మాత్రము అనుకొన్నంత వచ్చినదా? అధికావసర వేళలలో నమ్మదగిన శక్తి 21 మెగావాట్ల లోపేయని ఆ సంఘమే లెక్కకట్టినది.

చేపలు పోయినవని జాలరులు మొదటినుండియు చెప్పుచునే ఉన్నారు. వారి మాటకు ఋజువేదని అధికారు లడిగిరి. జాలరియొద్ద ఋజువేమి యుండును? నిన్నటి వల నిండుగా నుండెను, నేటి వల ఖాళీగా నున్నది, అంతే. నిపుణుని కాగితములో చేపలున్నవి, జాలరి వలలో లేవు. ప్రభుత్వము కాగితమునే నమ్మినది. వాదము మీద వాదము, ధర్నామీద ధర్నా జరిగినవి. కట్టడపు కాలమునందలి మూడేండ్ల నష్టమునకు గాను జాలరి కుటుంబమునకు 90,000 బాతుల చొప్పున ఇచ్చుటకు ప్రభుత్వ మొప్పుకొన్నది. తరువాతి కాలపు మాట యెత్తలేదు. 1995లో దేశమునందలి నిర్వాసితులు, రైతులు, కార్మికులు ‘పేదల సభ’ యను సంస్థగా ఏర్పడిరి. 1997లో వారు బ్యాంకాకులో ప్రభుత్వ కార్యాలయము ముందు 99 దినములు కూర్చుండిరి. 1999 మార్చిలో మూన్ తీరవాసులు ఆనకట్ట స్థలమునకే పోయి గుడిసెలు వేసికొని, ఆ గుడిసెల ఊరికి ‘మూన్ తల్లి చిరకాలము వర్ధిల్లుగాక’ అను భావము వచ్చునట్లు పేరు పెట్టిరి. ఈ పోరాటములో వారికి తోడుగా నిలిచిన వనిదా తంతివిత్తయపితక్ 2007లో చనిపోవువరకు ఆ జనులను విడువలేదు. తుదకు 2001 జూనులో ప్రభుత్వము ఆనకట్ట తలుపులు తెరపించి, ఫలిత మెట్లుండునో అధ్యయనము చేయింతుమని ప్రకటించెను.

ఇక్కడ కథ మలుపు తిరిగినది. అధ్యయనము విశ్వవిద్యాలయమువారికి అప్పగింపబడెను. గ్రామస్థులు దానిని అడ్డగింపలేదు. కాని తామును ఒక అధ్యయనము చేయదలచిరి. ఇంతకాలము మనలను ఋజువడిగిరి. ఇప్పుడు నది తిరిగి వచ్చినది. మనమే లెక్క వ్రాయుదము అని నిశ్చయించుకొనిరి. 65 గ్రామములనుండి సుమారు 200 మంది స్త్రీపురుషులు పరిశోధకులుగా ఎన్నుకొనబడిరి. ఏ సంగతులు పరిశోధింపవలెనో వారే నిర్ణయించిరి: చేపలు, చేపలు పట్టు సాధనములు, నది రూపురేఖలు, ఒడ్డున మొలచు ఆకుకూరలు, మూలికలు, వేసవిలో బయటపడు ఒండ్రునేలలోని సేద్యము, ఇంటి జమాఖర్చు, ఊరి పొత్తు. ఆగ్నేయాసియా నదుల సంరక్షణకు పనిచేయు ఒక స్వచ్ఛంద సంస్థలోని చదువుకొన్న యువకులు వారికి తోడుపడిరి. ఆ యువకుల హోదా యేమి? పరిశోధన సహాయకులు! పరిశోధకులు జాలరులు, జాలరులు చెప్పినది కాగితముమీద పెట్టువారు పట్టభద్రులు. ఆ పరిశోధనకు పెట్టిన పేరు ‘థాయ్ బాన్’. ఈసాన్ మాటలో ‘ఊరివారు’ అని దాని యర్థము. ఇన్నాళ్లు కర్మస్థానములో నున్న పదము కర్తస్థానమునకు వచ్చినది.

వారి పద్ధతి ఆడంబరము లేనిది. పట్టిన చేపను చూచి పేరు చెప్పుదురు. దాని ఫొటో తీయుదురు. ఎక్కడ దొరకినది, ఏ నెలలో, ఏ వలకు, ఎంత బరువు అని వ్రాయుదురు. తరువాత పలుగ్రామములవారు కలసి కూర్చుండి ఆ సమాచారమును చర్చించి, ఒకరు చెప్పినదానిని మరియొకరు సరిచూతురు. ఒక్కని జ్ఞాపకము తప్పవచ్చును; ఏటిమీద నలుబదియేండ్లు గడపిన ఇరువదిమంది కూర్చున్నచోట అబద్ధము నిలుచుట కష్టము. ఇట్లు వారు తలుపులు తెరచిన తరువాత తిరిగివచ్చిన చేపలను 156 రకములుగా గుర్తించిరి.

భాషోపాధ్యాయులకు ఈ గ్రామస్థుల పరిశోధనలో మరి యొక నిధి యున్నది. నిపుణులకు నది యనగా నీరు. ఇన్ని ఘనపుమీటర్లు, ఇంత వేగము. ఊరివారికి నది ఒక్కటి కాదు, అనేకము. రాళ్లమీద నీరు దూకు చోటు ‘కేంగ్’. లోతైన మడుగు ‘వాంగ్’. నదిలోని లంక ‘డోన్’. వరదకాలమున మునిగి, వేసవిలో తేలు అడవికి ‘పా బుంగ్ పా థామ్’ అని పేరు. ప్రతి దానికిని ఒక ప్రయోజన మున్నది: ఒకదానిలో చేప గ్రుడ్లు పెట్టును, ఒకదానిలో వేసవి తలదాచుకొనును, ఒకదానిలో మేత మేయును. రాతివాలు మునుగుటయు, మడుగు పూడుటయు ఒకే నష్టము కావు. ఈ మాటలు లేనివానికి ఈ భేదములు కనబడవు. కనబడనివానికి నష్టము లెక్కకు రాదు. ముందస్తు అంచనా వ్రాసిన నిపుణులు దుష్టులని మనము భావింప నక్కరలేదు. వారి భాషలో ఆ నదికి చాలినన్ని పేర్లు లేవు. పదము పోయినచోట పదార్థము కూడ పోవునని మనము తరగతిలో చెప్పుచుందుము. మూన్ నదిమీద అది నిత్యానుభవము.

ఇది శాస్త్రమగునా యని ఆక్షేపించువారు లేకపోలేదు. వారి ఆక్షేపణను తేలికగా తీసివేయరాదు. ఊరివారి పేర్లును శాస్త్రజ్ఞుల జాతులును అన్నివేళల సరిపోలవు. ఒకే చేపకు పిల్లప్రాయములో ఒక పేరు, పెద్దదైనప్పుడు ఒక పేరు ఉండవచ్చును. ఒకే పేరుక్రింద రెండుమూడు జాతులు చేరవచ్చును. పైగా ఈ గ్రామస్థులు తటస్థులు కారు. తలుపులు తెరచియే ఉండవలెనని పోరాడుచున్నవారు. తమకు కావలసిన ఫలితమునే చూచిరేమో? ఈ అనుమానము న్యాయమైనదే. కాని అదే అనుమానమును మొదటి అంచనా వ్రాసినవారిపై ఎవ్వరును పడలేదు. ఆనకట్ట కట్టదలచిన సంస్థ సొమ్ము పెట్టి చేయించిన అధ్యయనము తటస్థము, ఆనకట్టవలన అన్నము పోయినవారు చేసిన అధ్యయనము పక్షపాతము అనుట ఎట్టి తర్కము? ఇరువురి లెక్కలను ఒకే త్రాసున తూచవలెను. ఏ లెక్క తేరిచూచువారికి తలుపులు తెరచునో, తన చేపను చూపి ఇది చూడుమనునో, ఆ లెక్కకు శాస్త్రగుణ మున్నది. ఊరివారు ఆ పరీక్షకు వెనుదీయలేదు. వారి జ్ఞానమును శాస్త్రజ్ఞుల జ్ఞానమునకు పోటీగా నిలుపుటకంటె, రెంటిని ప్రక్కప్రక్కన కూర్చుండబెట్టి మాట్లాడించుటయే మేలు.

ఫలిత మేమైనది? ఈ ప్రశ్నను దాటవేయుట నిజాయితీ కాదు. ప్రభుత్వము నియమించిన ఉబోన్ రాచథాని విశ్వవిద్యాలయము పరిశోధించి, తలుపులు అయిదేండ్లపాటు సంవత్సరము పొడుగునను తెరచి ఉంచుట మేలని సలహా చెప్పెను. ఊరివారి లెక్కయు పండితుల లెక్కయు ఒకే వైపు చూపినవి. అయినను 2002లో ప్రభుత్వము తలుపులు ఏటా నాలుగు నెలలు మాత్రమే తెరువవలెనని నిర్ణయించెను. రెండు సత్యములు కలసియు అధికారమును కదలింపలేకపోయినవి. కావున జనుల పరిశోధన సర్వరోగనివారిణి యని చెప్పువారు జనులను మోసగించువారు. ఋజువు లేకపోవుటచేతనే పేదవానికి న్యాయము దొరకుట లేదని మనము అనుకొందుము. ఋజువు చేతిలో నున్నను దొరకకపోవచ్చునని మూన్ నది నేర్పినది.

అయినచో ఆ శ్రమ వ్యర్థమా? వ్యర్థము కాదని తరువాతి చరిత్ర చెప్పుచున్నది. మూన్ నది ఎగువను రాసి సలాయి వద్ద, సాంగ్‌ఖ్రామ్ నది దిగువ భాగమున, ఉత్తరమున చియాంగ్ ఖోంగ్ వద్ద ఊరివారి పరిశోధన లొకదాని వెనుక నొకటి బయలుదేరినవి. కంబోడియాలో స్తుంగ్ త్రెంగ్ మండలమునకు పోయి ఆ పద్ధతి ‘సాలా ఫూమ్’ అను పేరు ధరించెను. ఖ్మేరు భాషలో ‘సాలా’ మన శాలయే; ‘ఫూమ్’ భూమి శబ్దమునుండి పుట్టి ఊరు అను అర్థము నొందినది. ఊరిబడి యను పేరు ఒక పరిశోధనకు పెట్టుట ఉపాధ్యాయులకు గర్వకారణము కాదా?

చియాంగ్ ఖోంగ్ కథలో ఉపాధ్యాయుడే ముందు నడచినాడు. అక్కడ పెద్దపడవల రాకపోకలకై మెకాంగ్ నదిలోని రాతివాలులను పేల్చివేయవలెనని ఎగువ మెకాంగ్ దేశములు నాలుగు 2000లో ఒప్పందము చేసికొనినవి. నివాత్ రోయ్‌కేవ్ ఒకప్పుడు బడిపంతులు. జనులు ఆయనను ‘క్రూ తీ’ యని పిలుతురు. ‘క్రూ’ అనగా గురువు. అదియు మన గురుశబ్దమే. ఆయనయు, ఆయన మిత్రులును చేపలను, రాళ్లను, ఒడ్డునందలి పంటలను గురించి ఊరివారిచే లెక్క వ్రాయించిరి. మీరు రాయి యనుచున్నది మాకు చేపలయిల్లు అని అధికారులకు చూపగల ఆధారము వారికి చిక్కినది. ఇరువదియేండ్లు పట్టినది గాని, 2020 ఫిబ్రవరిలో థాయి మంత్రివర్గము ఆ పేల్చివేత పథకమును రద్దుచేసినది. 2022లో క్రూ తీకి గోల్డ్‌మన్ పర్యావరణ బహుమానము లభించెను. అంతకుముందే, 2015లో, ఆయన మెకాంగ్ పాఠశాల యను పేర ఊరిజ్ఞానమును నేర్పు బడి నొకదానిని స్థాపించి యుండెను. మూన్ నదిమీద విఫలమైనట్లు కనబడిన విత్తనము మరియొక ఒడ్డున మొలచినది.

ఇంత చెప్పిన తరువాత ఒక హెచ్చరిక చేయవలసియున్నది. ఊరు అనునది ఒకే గొంతు కాదు. పడవ యున్నవాడు, లేనివాడు, భూమి యున్నవాడు, కూలివాడు, పురుషుడు, స్త్రీ, పెత్తందారు, అతని ముందు నోరెత్తలేనివాడు, వీరందరు కలసినదే ఊరు. ఊరివారు చెప్పిరి అన్నప్పుడు వారిలో ఎవరు చెప్పిరని అడుగవలెను. ఒడ్డున మొలచు ఆకుకూరలను గురించి పురుషుల నడిగినచో సగమే తెలియును. పెత్తందారుని ఇంటి అరుగుమీద కూర్చుండి వ్రాసిన సామూహిక పరిశోధన పెత్తందారుని పరిశోధనయే యగును. మరియు, ప్రజలభాగస్వామ్యము అను మాట నేడు కార్యాలయములలో మిక్కిలి చెలామణి యగుచున్నది. ముందే నిర్ణయించుకొన్న పథకమును గ్రామసభలో చదివి వేలిముద్రలు తీసికొనుటకును అదే పేరు పెట్టుచున్నారు. పేరు చూచి మోసపోరాదు. ప్రశ్న ఎవరిది, వ్రాసినది ఎవరియొద్ద నిలిచినది, వద్దు అని చెప్పు స్వేచ్ఛ ఎవరికున్నది: ఈ మూడు అడిగినచో అసలు నకిలీలు తేలిపోవును.

ఆ మూడవ ప్రశ్న మిక్కిలి ముఖ్యమైనది. కొన్ని సంగతులు చెప్పకుండుటయు జనుల హక్కే. చేప గ్రుడ్లు పెట్టు మడుగేదో అచ్చులో చెప్పినచో మరునాడు పెద్దవలలవాడు అక్కడికి వచ్చును. మూలిక జాడ చెప్పినచో వ్యాపారి వచ్చును. 1970 నాటి కొండజాతుల అనుభవము చెప్పిన నీతియు ఇదియే. అన్నియు చెప్పించినవాడే గొప్ప పరిశోధకుడన్న భ్రమను మనము విడువవలెను. చెప్పవద్దన్నది చెప్పక, వ్రాయవద్దన్నది వ్రాయక, పరిశోధన ముగిసిన తరువాత ఆ ఊరికి మరల పోయి తలయెత్తుకొని కూర్చుండగలవాడు గొప్ప పరిశోధకుడు.

మనకు ఈ మార్గము కేవలము పరాయిది కాదు. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉండి, కొండలలోని సవరలవద్దనే వారి భాష నేర్చిరి. ఆ భాషకు 1931లో వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించిరి. అంతటితో ఆగక సవరబాలురకు వారి భాషలోనే చదువు చెప్పవలెనని పాటుపడిరి; తీసికొన్నది తిరిగి ఇచ్చుట యనగా అదియే. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయ సంపుటము రైతుల నోటినుండి పుట్టినది. కాడికిని మేడికిని ప్రతిభాగమునకు పేరున్నదనియు, ఆ పేర్లు నిఘంటువులలో లేకపోవుట రైతు తప్పు కాదనియు అది చాటినది. ఆ మహనీయుల కాలములో మూలప్రశ్న పండితునిదే. నేటివారు వేయవలసిన అడుగు ఒక్కటి మిగిలియున్నది: సవర బాలుడును, రైతును, జాలరియు తమ ప్రశ్నలను తామే వేయుట.

ఆ అడుగునకు బడికంటె తగిన చోటు లేదు. మన కళాశాలలలో ఏటేటా విద్యార్థులు ప్రశ్నపత్రములు పట్టుకొని గ్రామములకును వాడలకును పోవుచున్నారు. వారు నింపుకొని వచ్చిన కాగితములు మార్కులు పడిన తరువాత బీరువాలలో నిద్రించును. ఊరివారికి వాని జాడయే తెలియదు. ఉపాధ్యాయులు తలచినచో దీనిని మార్చుట కష్టము కాదు. విద్యార్థి ఊరికి పోయినప్పుడు మొదట తన ప్రశ్న అడుగక, మీరు తెలిసికొనగోరుచున్న దేమి యని అడుగనిండు. చెరువులో చేప యేల తగ్గినది, బావినీరు ఏల ఉప్పగా మారినది, మా వాడకు రోడ్డేల రాలేదు అని వారందురు. దానినే పరిశోధనాంశము చేయనిండు. చేతిలో పని గలవారిని, చేపలు పట్టువారిని, మగ్గము నేయువారిని, మందుమొక్కలు తెలిసిన వృద్ధురాలిని పరిశోధకులుగా వ్రాయనిండు. తాను సహాయకుడుగా సంతకము చేయనిండు. ముగిసిన నివేదికను వారి మాటలో, వారికి అర్థమగునట్లు, పదిమంది ఎదుట చదివి తప్పులు దిద్దించుకొననిండు. ఒక ప్రతిని ఆ ఊరిలో విడిచి రానిండు. ఇంతచేసిన విద్యార్థికి మార్కులు తక్కువ వచ్చినను చదువు ఎక్కువ వచ్చును.

మూన్ నది తలుపులను గురించిన తగవు ఊరివారు కోరినట్లు ముగియలేదు. కాని మీయొద్ద ఋజువేమున్నదని ఆ యొడ్డువారిని అడుగుటకు ఇక నే అధికారికిని వీలులేదు. ఋజువు వారియొద్దనే యున్నది, వారి పేరుతోనే యున్నది, వారి మాటలోనే యున్నది. న్యాయము ఆలస్యమైనను ఆ లెక్క చెరుగదు. చదువుకొన్నవారు చేయదగిన పని, ఆ లెక్క వ్రాయు చేతికి కలము అందించి, ఒకింత ప్రక్కకు జరిగి కూర్చుండుట.